కడుపుతో ఉన్న మనిషి ‘ఉడికిపోతున్నా’ అంటే వినండి

ఏడో నెల గర్భిణి ఫ్రిజ్ తలుపు బార్లా తీసి, ఎదురుగా పీట వేసుకుని కూర్చుంటుంది. కరెంటు బిల్లని అత్తగారు గొంతు చించుకుంటుంది. మొగుడు తడి తువ్వాలుతో పరుగులు పెడతాడు. ఫోన్లలో తిరిగే చిన్న కామెడీ సినిమాల్లో ఇలాంటివి చూసి హాయిగా నవ్వుకుంటాం. నవ్వండి. కానీ ఆమె పడే అవస్థ నాజూకుతనం కాదు.

కడుపుతో ఉన్నప్పుడు ఒంట్లో రక్తం దాదాపు సగం వంతు పెరుగుతుంది, గుండెకు పని ఎక్కువవుతుంది. లోపలి బిడ్డ వేడి తల్లి వేడికన్నా అర డిగ్రీ ఎక్కువ. ఆ వేడినీ తల్లి ఒళ్లే బయటికి పంపాలి. బయట 44 డిగ్రీలుంటే ఎక్కడికని పంపుతుంది? ఒంట్లో నీరు తగ్గితే నెలలు నిండకుండానే నొప్పులు రావచ్చు. ఎన్నో దేశాల అధ్యయనాలు కలిపి 2020లో లెక్క చూస్తే, వడగాడ్పుల రోజుల్లో ఇలాంటి కాన్పుల అవకాశం 16 శాతం పెరిగినట్టు తేలింది.

ప్రతి నెలా 9న ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో గర్భిణులకు పరీక్షలు చేస్తారు. అలాంటి ఒక తొమ్మిదిన, రేకుల వరండాలో కూర్చున్న ఒకమ్మాయి చేతిలో సీసా నిండా నీళ్లున్నాయి. మూత తీయలేదు. ఎందుకమ్మా అంటే, ‘‘తాగితే మళ్లీ పోవాల గదక్కా, యాడికి పోను?’’ అంది. అక్కడి మరుగుదొడ్డికి తాళం వేసి ఉంది. ఆ తాళం ఈ రోజే తీయాలి. పరీక్షలు ఎండ ముదరకముందే ముగించాలి. ఉపాధి పనుల దగ్గరా నీడ, నీళ్లు, చాటు ఉండాలి.

నీళ్లు తాగితే కాళ్లు వాస్తాయని ఇంట్లో పెద్దలు ఆపుతుంటారు. దయచేసి ఆపకండి. మూత్రం ముదురు పసుపుగా వచ్చినా, తల తిరిగినా, పిక్కలు పట్టేసినా నీడకు చేర్చి ఓఆర్‌ఎస్ ఇవ్వండి. పెద్ద ప్యాకెట్టు మొత్తం లీటరు నీళ్లలో కలపాలి, గ్లాసులో కాదు. బీపీ, షుగరు ఉన్నవాళ్లు ఉప్పు మజ్జిగ, కొబ్బరినీళ్లు ఎంత తాగొచ్చో నర్సమ్మను ముందే అడిగి పెట్టుకోండి.

బిడ్డ కదలిక తగ్గినా, ఉమ్మనీరు పోయినా, ఒళ్లు కాలిపోతూ మాట తడబడినా సాయంత్రం దాకా చూద్దామనుకోవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి. బండి వచ్చేలోగా ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఒళ్లంతా తడిగుడ్డతో తుడుస్తూ విసరండి. స్పృహ లేకపోతే నోట్లో చుక్క నీరు కూడా పోయొద్దు.