మందు పుట్టిన నేలను అమ్మకానికి పెట్టి...

2021 వేసవిని అప్పుడే మరచిపోయామా? కోవిడ్ నుంచి బతికి బయటపడినవారిని బ్లాక్ ఫంగస్ కాటేసింది. జూన్ నెలాఖరుకే దేశంలో 40 వేలకు పైగా కేసులు నమోదయ్యాయి. లైపోసోమల్ యాంఫోటెరిసిన్-బి ఇంజెక్షన్ల కోసం రోగుల బంధువులు నగరాలన్నీ గాలించారు. ప్రపంచానికే ఔషధశాలనని చెప్పుకునే దేశపు దుస్థితి ఇది.

దీన్ని అనుకోని విపత్తుగా సరిపెట్టుకోవడం ఆత్మవంచన. పుణె సమీపంలోని పింప్రీలో 1954లో ప్రభుత్వం హిందుస్థాన్ యాంటీబయోటిక్స్‌ను నెలకొల్పింది. ఆ పింప్రీ మట్టిలోని సూక్ష్మజీవి నుంచే అక్కడి శాస్త్రవేత్త ఎం.జె. తిరుమలాచార్ బృందం హమైసిన్ అనే ఫంగస్ నిరోధక ఔషధాన్ని వెలికితీసింది. అలాంటి సంస్థను ప్రభుత్వాలు, పార్టీల తేడా లేకుండా, ఖాయిలా పడనిచ్చాయి. చివరకు 2016 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం దాని మిగులు భూములను అమ్మాలని, సంస్థనే విక్రయించాలని, ఐడీపీఎల్‌ను మూసివేయాలని తీర్మానించింది.

ఆ లోటును మార్కెట్టే పూడుస్తుందన్నది ఏలినవారి వాదన. ఈ రంగంలో అది జరిగే పని కాదు. కొత్త యాంటీబయోటిక్‌ను ఎంత పొదుపుగా వాడితే అంతకాలం పనిచేస్తుంది. కంపెనీకేమో ఎంత అమ్మితే అంత లాభం. అమెరికాలో అకావోజెన్ కంపెనీ ప్లాజోమైసిన్‌కు 2018 జూన్‌లో అనుమతి సాధించి, 2019 ఏప్రిల్‌లో దివాలా పిటిషన్ వేసింది. అందుకే బ్రిటన్ అమ్మకాలతో నిమిత్తం లేకుండా, ఎంపిక చేసిన యాంటీబయోటిక్‌లకు ఏటా స్థిరమైన రుసుము చెల్లించే పద్ధతి తెచ్చింది. పెట్టుబడిదారీ దేశానికే అర్థమైన సత్యం మన పాలకులకు అర్థం కాదా?

మనకు ప్రతిభ కరవు లేదు. కాలా అజార్ చికిత్స కోసం పరిశోధన చేసిన ఐఐటీ హైదరాబాద్ ఆచార్యులు, యాంఫోటెరిసిన్‌ను నానోఫైబర్లతో నోటి మాత్రగా రూపొందించారు. 60 మిల్లీగ్రాముల మాత్ర సుమారు 200 రూపాయలకే ఇవ్వవచ్చని 2021 మే నెలలో ప్రకటించారు. అయితే ప్రయోగశాలలో పుట్టిన మాత్ర రోగి చేతికి చేరాలంటే మనుషులపై పరీక్షలు జరగాలి, ఉత్పత్తి జరగాలి, కొంటామన్న హామీ ఉండాలి. ఆ ఖర్చు భరించవలసింది ఎవరు?

ప్రభుత్వమే. యుద్ధం వస్తుందో రాదో తెలియకపోయినా ఆయుధాలు కొంటున్నాం. వాటిని వాడలేదని ఏ ఆర్థికమంత్రీ నష్టం రాసుకోలేదు. ఔషధ పరిశోధనకూ, ఉత్పత్తికీ, ముందస్తు కొనుగోలుకూ అదే న్యాయం వర్తించాలి. రాబోయే ఎన్నికల్లో ఓటు అడగవచ్చే ప్రతి పార్టీనీ మనం నిలదీయవలసిన ప్రశ్న ఇది.