నూట యాభై షిఫ్టుల దూరం

శివనసముద్రం దగ్గర కావేరి నీటితో పుట్టిన కరెంటు 1902లో సుమారు 147 కిలోమీటర్లు తీగల మీద నడిచి కోలారు బంగారు గనులకు (కేజీఎఫ్) చేరింది. బెంగళూరుకు ఆ వెలుగు అందింది మరో మూడేళ్లకు, 1905లో. ఆనాటి వరసలో కేజీఎఫ్ ముందు, బెంగళూరు వెనక.

ఇప్పుడు ఆ వరస తిరగబడింది. ఇంకా చీకటి ఉండగానే మారికుప్పంలో బయల్దేరిన రైలు ఛాంపియన్, ఊర్గాం, బెమెల్ నగర్, కోరమండల్ స్టేషన్లలో జనాన్ని ఎక్కించుకుని, బంగారుపేట మీదుగా బెంగళూరుకు సాగుతుంది. మా మాస్తి చుట్టుపక్కల ఊళ్ల నుంచి వెళ్లి మాలూరులో ఎక్కేవాళ్లకు అందులో నిలబడే చోటు దొరికితే అదే పదివేలు. బట్టల ఫ్యాక్టరీల్లో కుట్టుపని చేసే ఆడపిల్లలు, సెక్యూరిటీ గార్డులు, ఆస్పత్రి ఆయాలు, కంప్యూటర్ ఉద్యోగులు, కాలేజీ పిల్లలు, అందరిదీ అదే దారి. గనుల కోసం 1894లో వేసిన ఈ రైలు మార్గం నేడు గనులు లేని ఊరి మనుషుల్ని మోస్తోంది.

రానూపోనూ నాలుగు గంటలు అనుకుందాం. చాలామందికి అంతకన్నా ఎక్కువే పడుతుంది. నెలకు 25 పనిరోజులంటే వంద గంటలు, ఏడాదికి 1,200 గంటలు. ఎనిమిది గంటల షిఫ్టు లెక్కన నూట యాభై షిఫ్టులు. గనిలో ఈ ఊరి తాతలు చేసిన షిఫ్టుకు ఎంత తక్కువైనా కూలి ముట్టేది. మనవలు రైల్లో చేస్తున్న ఈ నూట యాభై షిఫ్టులకు ఎవరూ పైసా ఇవ్వరు. కేజీఎఫ్‌కు, బెంగళూరుకు మధ్య ఉన్న అసలు దూరం ఇదే. గనులు మూతపడిన ఈ ఇరవై నాలుగేళ్లకు పైగా కాలంలో ప్రభుత్వాలు ఈ ఊరి మనుషుల్ని పని దగ్గరికి తొందరగా చేర్చే ఆలోచనే చేస్తున్నాయి. పనిని ఈ ఊరికి తెచ్చే ఆలోచన గట్టిగా చేసినవారు లేరు. జీవనోపాధితో పాటు, మరెక్కడా అంత తేలిగ్గా కుదరని ఒక కలగలుపు జీవితం కూడా ఆ నిర్లక్ష్యంలో కరిగిపోతోంది.

ఒకే కేజ్‌లో దిగిన భాషలు

కోలారు జిల్లాలో ఇంటి మాట ఒకటి, బడి మాట ఒకటి, సంత మాట ఇంకొకటి కావడం వింత కాదు. మాస్తి పేరును సాహిత్యంలో నిలిపిన వెంకటేశ అయ్యంగార్ ఇంట్లో తమిళం, కలంలో కన్నడం. 1983 జ్ఞానపీఠం ఆయన కన్నడ నవలకే వచ్చింది. అవిభక్త కోలారు జిల్లాకు చెందిన కైవారం తాతయ్య కన్నడంలోనూ తెలుగులోనూ తత్వాలు చెప్పాడు. ఇక్కడ తెలుగు మాట్లాడే ఎన్నో కుటుంబాల్లో పిల్లలు చదివేది కన్నడ లిపి.

అయితే పల్లెల్లోని ఈ కలగలుపు వేరు, కేజీఎఫ్‌ది వేరు. పల్లెల్లోది శతాబ్దాల ఇరుగుపొరుగుతనం. కేజీఎఫ్‌లోది పని కుట్టిన అతుకు. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ సంస్థ ఇక్కడ అడుగుపెట్టాక కూలీలు ఎక్కువగా ఉత్తర ఆర్కాటు జిల్లా నుంచి వచ్చారు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా చిత్తూరు ప్రాంతం కూడా ఆ ఉత్తర ఆర్కాటులోదే. అంటే తమిళం మాట్లాడే దళిత కుటుంబాలు, తెలుగు మాట్లాడే కూలీలు చాలావరకు ఒకే జిల్లా కరువు నుంచి కదిలి వచ్చినవారు. వారికి కన్నడిగులు, ఉర్దూ మాట్లాడే ముస్లింలు, మలయాళీలు, ఆంగ్లో ఇండియన్లు తోడయ్యారు.

దీన్ని మురిపెంగా చెప్పుకోవడానికి లేదు. ఎవరు రాయి పగలగొట్టాలి, ఎవరు లెక్కలు రాయాలి అన్నది చాలావరకు కులమే తేల్చింది. యూరోపియన్ల బంగళాలు, క్లబ్బు చూసి కొందరు ఈ ఊరిని ‘చిన్న ఇంగ్లండ్’ అన్నారు. ఆ మాట గని లైన్లలో, తడిక గోడల ఒంటిగది ఇళ్లలో బతికినవారికి వర్తించదు. దేశంలో సిలికోసిస్ జబ్బును మొదటగా నమోదు చేసిన వైద్య పరిశీలనలు ఈ గనుల కార్మికుల ఊపిరితిత్తుల మీద జరిగినవే. ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్ల లోతు దాటింది. అక్కడ బండ ఒత్తిడికి ఒక్కసారిగా పేలితే, ఆ ‘ఏర్ బ్లాస్ట్’ కింద పడినవాడి భాష ఏదని ఎవరూ అడగలేదు.

ఆ భయమే, ఆ కష్టమే వీళ్లను కలిపింది. కూలీల వేలిముద్రలు తీసి రిజిస్టరులో పెట్టాలని కంపెనీలు పూనుకుంటే 1930లో గనులు దాదాపు మూడు వారాలు ఆగిపోయాయి. గట్టి యూనియన్ అంటూ లేని రోజుల్లో జరిగిన సమ్మె అది. 1946 నవంబరులో పోలీసు కాల్పుల్లో ఆరుగురు కార్మికులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అయోతీదాస్ పండితుల బౌద్ధ ఉద్యమం ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలోనే మారికుప్పంలో వేళ్లూనుకుంది. ఆ తర్వాత అంబేద్కర్ ఆలోచన, కమ్యూనిస్టు యూనియన్లు లైను లైనుకూ చేరాయి. ఇదే ఊరు రిపబ్లికన్ పార్టీనీ, తమిళనాడు పార్టీ అన్నాడీఎంకేనూ కర్ణాటక శాసనసభకు గెలిపించి పంపింది. సామరస్యం గురించి ఉపన్యాసాలు విని ఇవన్నీ సాధించలేదు. గనిలోకి దించే ఒకే కేజ్‌లో దిగి, ఒకే సైరన్‌కు బయటికి వచ్చి, ఒకే రోజు జీతం అందుకున్నవాళ్లు గనుక సాధించారు.

మూత తర్వాత

గనులను 1956లో మైసూరు రాష్ట్రం జాతీయం చేసింది. 1962లో కేంద్రం తీసుకుంది. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్ ఏర్పడింది. 2001 ఫిబ్రవరి 28న తలుపులు మూశారు. సుమారు 120 ఏళ్లలో దాదాపు 800 టన్నుల బంగారం పైకి వచ్చింది. దాన్ని తవ్విన కుటుంబాలకు మిగిలింది కంపెనీ క్వార్టర్లు, అవి కూడా పట్టా లేకుండా.

బెంగళూరు పక్కన లేకపోతే ఈ పాటికి కేజీఎఫ్ ఖాళీ అయ్యేదని కొందరంటారు. అందులో నిజం ఉంది. భారత్ గోల్డ్ మైన్స్ సంస్థే నడిపిన, అప్పటి అనంతపురం జిల్లా రామగిరి గనులు మూతపడ్డాక అక్కడివారికి పొద్దున వెళ్లి రాత్రికి తిరిగి వచ్చేంత దూరంలో మహానగరం లేదు. బతికించిన చేతిని కాదనడం నా ఉద్దేశం కాదు. అయితే ఊరు ఖాళీ కాలేదన్నంత మాత్రాన అది నిలిచినట్టు కాదు. పగలంతా ముసలివాళ్లు, బడి పిల్లలే ఉండి, రాత్రి పడుకోవడానికి మిగతావాళ్లు చేరే ఊరిలో యూనియన్ సమావేశానికి ఎవరు వస్తారు? మునిసిపాలిటీని ఎవరు నిలదీస్తారు? పక్కింటి భాష పిల్లలకు ఎప్పుడు వంటబడుతుంది? రైలు బోగీలో కూడా స్నేహాలు పుడతాయి. చీటీలు నడుస్తాయి, పూలూ పలహారాలూ చేతులు మారతాయి. కానీ దిగాక ఒక్కొక్కరిది ఒక్కో యజమాని, ఒక్కో కాంట్రాక్టరు. కష్టం ఒకే రకందే అయినా దాని మీద కలిసి అడగడానికి ఎదురుగా ఒక్కడంటూ ఉండడు.

మనుషులే కాదు, సంస్థలూ రైలెక్కాయి. బండరాళ్ల స్వభావాన్ని, ఏర్ బ్లాస్టుల గుట్టును ఈ గనుల్లోనే చదివిన అనుభవం మీద 1988లో కేజీఎఫ్‌లో జాతీయ శిలాయాంత్రిక సంస్థ పుట్టింది. దాని ప్రధాన కార్యాలయం ఇప్పుడు బెంగళూరులో ఉంది. ఈ గని లోతుల్లోనే 1965లో మన శాస్త్రవేత్తలు జపాన్, బ్రిటన్ శాస్త్రవేత్తలతో కలిసి వాతావరణంలో పుట్టే న్యూట్రినోలను పసిగట్టారు. ప్రపంచ భౌతికశాస్త్రంలో చెప్పుకోదగ్గ ఆ ప్రయోగం గురించి ఈ ఊరి పిల్లలకు చూపించడానికి ఒక మంచి మ్యూజియం కూడా లేదు. 2018లో వచ్చిన సినిమా వల్ల దేశమంతా కేజీఎఫ్ పేరు పలికింది. పేరు వెళ్లిన దూరం సగమైనా పని తిరిగి రాలేదు.

ఇక బెంగళూరు నుంచి జిల్లాకు తిరిగి వచ్చేదేమిటి? జీవనది లేని కోలారుకు 2018 నుంచి కోరమంగళ–చల్లఘట్ట లోయ పథకం కింద ఆ నగరపు మురుగునీటిని శుద్ధి చేసి పంపుతున్నారు. రోజుకు 44 కోట్ల లీటర్ల లక్ష్యంతో 126 చెరువులు నింపే పథకం అది. ఎండిన చెరువుల్లో నీళ్లు నిలిచాయి, బోర్లలో ఊట పెరిగింది. కాదనలేని మేలు. కానీ శుద్ధి రెండో దశతోనే ఆగుతోంది. మూడో దశ కూడా చేసి పంపమని రైతులు ఏళ్ల తరబడి అడుగుతున్నారు. పొద్దున నగరానికి మన యువకుల తాజా ఒంటి సత్తువ వెళ్తోంది. అక్కడి నుంచి వాడిన నీళ్లు వస్తున్నాయి. ఇరుగుపొరుగు ఇచ్చిపుచ్చుకోవడంలో ఈ తూకం సరికాదు.

పనిని ఊరికి తేవడమంటే

గనులు తెరిస్తే పాత రోజులు వస్తాయన్న ఆశ కేజీఎఫ్‌లో ఇంకా కొందరిలో ఉంది. ఆ ఆశను గౌరవిస్తూనే నిజం చెప్పాలి. 2024 జూన్‌లో కర్ణాటక మంత్రివర్గం ఆమోదించింది లోతు గనులను కాదు, వెయ్యికి పైగా ఎకరాల్లో పరుచుకున్న 13 మట్టి దిబ్బల నుంచి మిగిలిన బంగారం తీయడాన్ని. యంత్రాలు చేసే ఆ పనిలో వేల కొలువులు ఉండవు. అందుకే మొదటగా ఈ దిబ్బల ఒప్పందంలోనే రెండు షరతులు రాయాలి. ఉన్న కొలువులు స్థానికులకు, మాజీ కార్మికుల కుటుంబాలకు దక్కాలి. దిబ్బలను కదిలించే ముందే చుట్టుపక్కల జనం ఆరోగ్య వివరాలు నమోదు కావాలి. గాలికాలంలో సయనైడ్ కలిసిన ఈ దిబ్బల దుమ్ము అన్నం కంచాల్లో పడుతుంటే భరించిన ఊరికి, వాటిని తవ్వేటప్పుడైనా రక్షణ దక్కాలి.

రెండోది ఇల్లు. క్వార్టర్లలో మూడు తరాలుగా ఉంటున్నవారికి పట్టాలు ఇవ్వడం దానం కాదు, బాకీ తీర్చడం. పట్టా ఉంటే బ్యాంకు అప్పు పుడుతుంది, వీధి గదిలో కుట్టుమిషన్లు పెట్టుకోవచ్చు, అంగడి తెరుచుకోవచ్చు. బెంగళూరుకు వెళ్లి పరాయి ఫ్యాక్టరీలో కుట్టే అమ్మాయి సొంత ఊళ్లో నలుగురికి పని ఇవ్వగలిగేది అప్పుడే.

మూడోది కొత్త పారిశ్రామికవాడ. ప్రభుత్వ రంగ సంస్థ బెమెల్ నుంచి వెనక్కి తీసుకున్న సుమారు 970 ఎకరాల్లో దాన్ని తెస్తామని రాష్ట్రం చెబుతోంది. మంచిదే. కానీ ఇదే జిల్లా నరసాపురలో 2020 డిసెంబరులో జరిగింది మరవకూడదు. జీతాల కోతల మీద కాంట్రాక్టు కార్మికుల కోపం కొన్ని గంటల్లోనే ఫోన్ల ఫ్యాక్టరీని ధ్వంసం చేసింది. ఆ విధ్వంసాన్ని ఎవరూ సమర్థించలేదు, సమర్థించకూడదు. అయినా అది చెప్పిన సంగతి ఒకటుంది. అడగడానికి యూనియన్ లేని చోట కోపానికి రాయి తప్ప దారి మిగలదు. భూమి రాయితీ పొందే ప్రతి పరిశ్రమా పర్మినెంట్ కొలువుల వాటా ఎంతో ముందే రాసివ్వాలి. షిఫ్టుల ఊరికి షిఫ్టు విలువ తెలుసు.

నాలుగోది దక్షిణ, తూర్పు దిక్కులు. కేజీఎఫ్‌ను ఎప్పుడూ పడమటి వైపు, బెంగళూరు వైపే చూపిస్తున్నాం. సరిహద్దు దాటితే బిసానత్తం, చిగురుగుంట, కుప్పం. అక్కడి గనులూ ఒకప్పుడు భారత్ గోల్డ్ మైన్స్ సంస్థవే, అక్కడి జనమూ ఈ గనుల కూలీల బంధువులే. మారికుప్పం నుంచి కుప్పానికి సుమారు 24 కిలోమీటర్ల కొత్త రైలు మార్గం మంజూరై పదేళ్లు దాటినా రైలు నడవలేదు. అది పూర్తయితే కేజీఎఫ్ దారి చివరి ఊరు కాకుండా దారి మధ్య ఊరవుతుంది. చిత్తూరు, వెల్లూరు వైపు వ్యాపారం తెరుచుకుంటుంది. కుప్పంలో 1997 నుంచి ద్రావిడ విశ్వవిద్యాలయం ఉంది. నాలుగు ద్రావిడ భాషలూ ఒకే వీధిలో వినిపించే ఊరు దాని పొరుగునే ఉంది. ఆ వీధుల మాటను, గని కార్మికుల జ్ఞాపకాలను నమోదు చేసే పని ఆ విశ్వవిద్యాలయం కాక ఇంకెవరు చేస్తారు?

చివరిది ఈ ఊరి విద్య. 2025 ఫిబ్రవరిలో తెలంగాణలో శ్రీశైలం ఎడమగట్టు సొరంగం కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయినప్పుడు, భూమి కింద పని తెలిసినవారి విలువ మనకు మళ్లీ గుర్తొచ్చింది. సింగరేణి రెస్క్యూ బృందాలు అక్కడికి పరుగెత్తాయి. మెట్రోలకు, నీటి ప్రాజెక్టులకు, కొండల్లో రోడ్లకు దేశమంతా సొరంగాలు తవ్వుతోంది. సొరంగ భద్రత, రక్షణ నేర్పే జాతీయ స్థాయి శిక్షణ కేంద్రం పెట్టడానికి 120 ఏళ్లు భూమి కింద బతికిన ఊరి కన్నా తగిన చోటు ఏముంటుంది? లోపల దిగిన తరం వృద్ధాప్యంలో పడింది. వాళ్లు ఉండగానే ఆ కేంద్రం రావాలి.

రైళ్లు పెంచొద్దని ఎవరూ అనరు. ఎక్స్‌ప్రెస్ వే వచ్చింది, బెంగళూరు ఇంకా దగ్గరవుతుంది. ఇష్టపడి వెళ్లేవారు వెళ్లాలి. గతిలేక వెళ్లడం పోవాలి. 1902లో అడవులూ గుట్టలూ దాటించి 147 కిలోమీటర్ల దూరం నుంచి కరెంటును ఈ ఊరికి తేగలిగారు. బంగారం కదలదు కాబట్టి కరెంటే దాని దగ్గరికి వచ్చింది. మనిషి కదులుతాడు కాబట్టి ఇరవై నాలుగేళ్లకు పైగా మనిషినే రోజూ కదిలిస్తున్నాం. బంగారానికి చూపిన ఆ మర్యాదను దాన్ని తవ్వినవారి మనవలకు కూడా చూపాలి.