రుచి చెక్కలో ఉంది, కోడలి కళ్ళల్లో కాదు

“గ్యాసొచ్చాక కూరకి రుచే పోయింది.” ఈ మాట వినపడని పండగ మన క్యాంపుల్లో లేదు. సింధనూరులో అయినా, మాన్విలో అయినా, బంతిలో నలుగురు పెద్దవాళ్ళు చేరితే చాలు, విస్తట్లో వంకాయ పచ్చడి పడగానే ఈ మాటా పడుతుంది. పడి ఊరుకుంటే బాధ లేదు. సంక్రాంతి వచ్చేసరికి “ఈసారి పెరట్లో కట్టెల పొయ్యి మీదే చేయించండి” అనే హుకుం అయిపోతుంది. హుకుం ఇచ్చేవాళ్ళు కుర్చీల్లో ఉంటారు. పొయ్యి ముందు కూర్చునేది కోడళ్ళు.

ఈ పద్ధతికి మేము అడ్డం చెబుతున్నాం. పొగ రుచి అంటే మాకూ ప్రాణమే. అది గ్యాసు మీద రాదన్న మాటే ఒప్పుకోం.

ముందు గ్యాసు చేసిన నేరమేమిటో చూద్దాం. మన ఇంటి 14.2 కిలోల సిలిండర్‌లో ఉండేది ప్రొపేన్, బ్యూటేన్ల మిశ్రమం. అది సరిగ్గా మండితే మిగిలేది కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి. లీకయినప్పుడు ముక్కుకి తగిలే ఆ కుళ్ళు వాసన కూడా దాని సొంతం కాదు. మనం పసిగట్టాలని కంపెనీలు కలిపే మెర్‌కాప్టాన్‌ది, మంటలో అదీ కాలిపోతుంది. అంటే గ్యాసు కూరకి కొత్త రుచి ఇవ్వదు, ఉన్న రుచి లాక్కోదు. అది వట్టి వేడి.

మరి పొగ రుచి ఎక్కడిది? చెక్కలో లిగ్నిన్ అనే పదార్థం ఉంటుంది. చెక్కకి గట్టితనం ఇచ్చేది అదే. చెక్క భగ్గుమని మండకుండా, గాలి తక్కువై నిదానంగా రాజుకున్నప్పుడు ఆ లిగ్నిన్ విరిగి గ్వయకాల్, సిరింగాల్ అనే వాసన ద్రవ్యాలు పుడతాయి. మనం లొట్టలేసేది ముఖ్యంగా వాటికే. వేడి ఎవరిచ్చినా సరే, వాసన ఇవ్వాల్సింది మాత్రం చెక్క. గ్యాసు మీద పిడికెడు చెక్క కూడా పెట్టకుండా పొగ రుచి లేదని తిట్టడం ఎలా ఉందంటే, చింతపండు వెయ్యకుండా పులుసు పుల్లగా లేదని గిన్నెని తిట్టినట్టుంది.

పొగ ఎంత ఎక్కువైతే అంత రుచి అన్నది కూడా మన పెద్దల మాట కాదు. పాలు పొగచూరితే “పొగ కంపు” అని పక్కన పెట్టింది వాళ్ళే కదా! పచ్చికట్టె పెట్టి, తెల్లగా దట్టంగా పొగ లేపితే కూర చేదెక్కుతుంది, గొంతు పట్టుకుంటుంది. మంచి పొగ పలచగా, నీలిగా, కంటికి ఆనీ ఆననట్టు ఉంటుంది. ఆ పొగ రావాలంటే వేడి మన చేతిలో ఉండాలి. తిప్పితే తగ్గే గ్యాసు పొయ్యి కన్నా ఆ పనికి అనువైనదేముంది?

ఇక ఆ పాత రుచికి కట్టిన వెల సంగతి. తుంగభద్ర కాలువలు పారడం మొదలయ్యాక, 1950ల నుంచి గుంటూరు, కృష్ణా, గోదావరి జిల్లాల వాళ్ళు ఇక్కడి నల్లరేగడి మీదికి వచ్చారు. ఆ మగవాళ్ళు తుప్పలు కొట్టి మడి చేసిన కథ మనం పిల్లలకి చెబుతాం. ఆ తుప్పల కట్టెలే పొయ్యిలో పెట్టి, గొట్టంతో ఊది ఊది, కళ్ళెర్రబడి, దగ్గుతూ అన్నం వార్చిన ఆడవాళ్ళ కథ చెప్పం. ఇళ్ళలో వంటచెరకు పొగ వగైరాల వల్ల 2020లో ప్రపంచమంతా కలిపి 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఇంట్లో కట్టెలు కాల్చిన పొగని క్యాన్సర్ తెచ్చే అవకాశం ఉన్నవాటిలో చేర్చింది కూడా ఆ సంస్థ కిందున్న క్యాన్సర్ విభాగమే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం, దేశమంతా 2016లో ఉజ్వల పథకం పెట్టింది ఊరికే కాదు. ఇంత వెల కట్టిన వంటని “ఆ రోజులే వేరు” అని మురిసిపోవడం, తిన్నవాళ్ళకి సులువే.

“కట్టెల పొయ్యి వంటలో పొగ ఒక్కటేనా, మట్టికుండ ఉంది, నిదానం ఉంది” అని అడిగేవాళ్ళున్నారు. న్యాయమే. కుండ గ్యాసు మీదా ఎక్కుతుంది. సన్నమంట మీద గంటసేపు ఉడకనిస్తే నిదానమూ వస్తుంది. మనకి లేనిది ఓపిక. ఆ లోటుకి గ్యాసు పూచీ కాదు.

పని ఎలా చెయ్యాలో చెప్పకుండా వాదన ముగిస్తే అది వట్టి నోటిమాటే అవుతుంది కాబట్టి, ఇదిగో.

వంకాయ సంగతి తేలిక. దానికి చెక్క కూడా అక్కర్లేదు, తొక్కే కాలి పొగనిస్తుంది. కాయకి నాలుగు గాట్లు పెట్టి, నూనె రాసి, మంట మీదే తొక్క పూర్తిగా నల్లబడి కాయ కూలబడేదాకా తిప్పండి. దించగానే ఒలవకండి. గిన్నెలో వేసి మూతపెట్టి పది నిమిషాలు వదిలెయ్యండి, కాలిన తొక్క వాసన గుజ్జుకి పడుతుంది. కుళాయి కింద పెట్టి తొక్క కడిగేవాళ్ళు మాత్రం రుచిని మోరీలో పోసుకుంటున్నారు.

కోడికీ చేపకీ చెక్క కావాలి. పెరట్లో గ్యాసు పొయ్యి మీద మందపాటి ఇనప మూకుడు పెట్టి, అడుగున పిడికెడు ఎండు చెక్క ముక్కలు వెయ్యండి. పొగ మొదలవగానే మంట తగ్గించి, పైన జల్లెడ స్టాండు పెట్టి, ఉప్పూకారం పట్టించిన ముక్కలు దాని మీద పరిచి మూత బిగించండి. ముక్కలు చల్లగా, కాస్త తడిగా ఉంటేనే పొగ బాగా పడుతుంది. పది పదిహేను నిమిషాలు చాలు. తరవాత మామూలుగా ఉడికేదాకా వండుకోండి. బొగ్గు కణిక మీద నెయ్యి చుక్కేసి మూతపెట్టే ధుంగార్ కూడా మంచిదే, కాకపోతే అది ఎక్కువగా నెయ్యి పొగ, దాని రుచి వేరు.

ఇక డాలస్, హ్యూస్టన్ పిల్లలు. ప్రొపేన్ స్మోకర్ కొన్నామనీ, మాంసం ఉడికింది గానీ పొగే తెలియలేదనీ మన బంధువర్గంలో ప్రతి ఇంటి పిల్లలదీ ఇదే గోల. తప్పు డబ్బాది కాదు నాయనా. చిప్స్ పొట్టులా ఉంటే పది నిమిషాల్లో భగ్గుమని బూడిదవుతాయి. గుప్పిట్లో పట్టేంత దుంగముక్కలు పెట్టండి, సన్నగా రాజుకుంటాయి. నీళ్ళలో నానబెట్టకండి. ఆ నీళ్ళు ఆవిరయ్యేదాకా వచ్చేది పొగ కాదు, ఆవిరి. పై గాలిరంధ్రం మూసెయ్యకండి, పొగ లోపల మురిగితే చేదెక్కుతుంది. వేడి 225 ఫారెన్‌హీట్, అంటే 107 సెల్సియస్ దగ్గర నిలపండి. మాంసం చల్లగా ఉన్న మొదటి గంటా రెండు గంటల్లోనే ముక్కలు అందించండి, తరవాత పైపొర ఎండిపోయి పొగ అంతగా పట్టదు.

మీరు డబ్బులిచ్చి సంచుల్లో కొనే ఆ మెస్కీట్ చెక్క ఎవరనుకున్నారు? ఇక్కడ కాలువ గట్ల మీద ముళ్ళతో పెరిగే సర్కారు తుమ్మకి, కన్నడంలో బళ్ళారి జాలి అంటారే, దానికి దగ్గరి చుట్టం. 19వ శతాబ్దంలో అమెరికా ఖండాల నుంచే మన దేశానికి వచ్చింది. మేము నరికి పారేసే కంపే మీకు అక్కడ పరిమళం! దాని పొగ ఘాటు, కొంచెమే వాడండి. మామిడి, జామ ఇంకా మెత్తన. రంగు వేసిన చెక్క, ప్లైవుడ్, మందు కొట్టిన పత్తి కట్టె మాత్రం వద్దు.

ఏది చేసినా ఆరుబయటే చెయ్యండి, సిలిండర్ నిలబెట్టి, నిప్పుకి దూరంగా పెట్టండి. కొంచెం పొగ అయినా పొగే. పండగకి ఒకసారి రుచికోసం పెట్టే పిడికెడు చెక్క వేరు, పూటపూటా ఆడవాళ్ళ ఊపిరితిత్తుల్లోకి తోసిన పొగ వేరు.

ఇంత చెప్పాక కూడా కట్టెల పొయ్యే కావాలంటారా? కాదనం. వచ్చే సంక్రాంతికి పెరట్లో రాళ్ళు పేర్చి, కట్టెలు తెచ్చి పెడతాం. కావాలన్నవాళ్ళే అంటించాలి, కావాలన్నవాళ్ళే ఊదాలి, అన్నం ఉడికేదాకా అక్కడే కూర్చోవాలి. కోడళ్ళు మాత్రం ఆరోజు మొదటి బంతిలో కూర్చుంటారు.