మెసేజీతో పాటు మందూ అందాలి

టైప్-1 మధుమేహం ఉన్న పిల్లలకు ఇన్సులిన్ మానితే ప్రాణగండమే. 1922 జనవరిలో టొరంటోలో తొలి ఇన్సులిన్ సూది వేయించుకున్న లియోనార్డ్ థాంప్సన్ వయసు పద్నాలుగేళ్లు. నూరేళ్లు దాటినా ఈ జబ్బుతో నెగ్గుకురావడం ఆ వయసు వాళ్లకే ఎక్కువ కష్టంగా ఉంది. బడిలో మధ్యాహ్న భోజనం గంట కొడతారు. తోటివాళ్లు చూస్తారన్న బిడియంతో పదో తరగతి అమ్మాయి సంచిలోంచి ఇన్సులిన్ పెన్ను తీయదు, సూది వేసుకోకుండానే అన్నం తినేస్తుంది. షుగర్ అమాంతం పెరిగిపోతుంది. నెలలకోసారి చూసే డాక్టరుకు ఇదంతా ఎలా తెలుస్తుంది?

ఈ లోటు తీర్చడానికి ఫోన్ మెసేజీ పనికొస్తుంది. స్కాట్లండ్‌లోని డండీలో వైద్యులు ‘స్వీట్ టాక్’ పేరిట 8 నుంచి 18 ఏళ్ల పిల్లలకు, ఎవరి లక్ష్యాన్ని బట్టి వారికి సందేశాలు పంపారు. 2006లో వెలువడిన ఫలితాల ప్రకారం, జబ్బును తామే చూసుకోగలమన్న ధీమా ఆ పిల్లల్లో పెరిగింది. అయితే రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చెప్పే హెచ్‌బీఏ1సీ మాత్రం, సందేశాలతో పాటు మెరుగైన ఇన్సులిన్ చికిత్స అందినవారిలోనే తగ్గింది. పాత చికిత్సకు సందేశాలు జోడించినా ఆ అంకె మారలేదు.

తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు ఈ పాఠాన్ని ఉన్నదున్నట్టుగా అందుకోవాలి. సాంకేతికత లేదనే సాకు చెల్లదు. గర్భిణులకు, బాలింతలకు ఆరోగ్య సలహాలు ఫోన్‌లో వినిపించే ‘కిల్కారీ’ని కేంద్రం ఎప్పుడో మొదలుపెట్టింది. పిల్లలకు పంపే సందేశం తెలుగులో, వారు మాట్లాడుకునే మాటల్లో ఉండాలి. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ నాన్న జేబులో ఉంటే ఆ పిల్లకు సందేశం చేరే దారీ ఆలోచించాలి. షుగర్ 60కి పడిపోయిందని రాత్రిపూట జవాబొస్తే, వెంటనే ఫోన్ చేసి గ్లూకోజు తాగించమని చెప్పే నర్సు అవతల ఉండాలి. అలా పలికే మనిషి లేని సేవను మొదలుపెట్టకపోవడమే మేలు.

స్ట్రిప్పులు కొనలేని ఇంటికి ‘షుగర్ చూసుకున్నావా?’ అని మెసేజీ పంపడం క్రూరత్వం. టైప్-1 పిల్లలందరికీ ఇన్సులిన్, గ్లూకోమీటరు, స్ట్రిప్పులు ప్రభుత్వమే ఉచితంగా ఇవ్వాలి. బడిలో సూది వేసుకోవడానికి చాటైన చోటు, తోడుగా శిక్షణ పొందిన టీచరు ఉండాలి. వీటన్నిటికీ, మెసేజీ సేవకూ కలిపి రాబోయే బడ్జెట్లోనే నిధులు కేటాయించాలి.