చెప్పుకునే చోటు ఉందా?

హైటెక్ సిటీలో రాత్రి 11 దాటినా మూతపడని లాప్‌టాప్‌లు ఎన్నో. నిద్ర కరవైన ఉద్యోగి హెచ్‌ఆర్ గడప తొక్కాలంటే మాత్రం జంకుతాడు. చెప్పుకున్నది మేనేజర్ చెవిన పడితే? అప్రైజల్‌లో కోత పడితే?

ముందు ఆ భయం తీరాలి.

కుంగుబాటు, ఆందోళనల వల్ల ఏటా 1,200 కోట్ల పనిదినాలు పోతున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఏడాదికోసారి యోగా క్లాసు పెడితే సరిపోదు. షిఫ్టులు సర్దడం, సెలవులో ఉన్నవారికి ఫోన్లు ఆపించడం, విన్న మాట గుట్టుగా ఉంచడం హెచ్‌ఆర్ చేతిలోని పనులే. శారీరక జబ్బులతో సమానంగా మానసిక అనారోగ్యానికీ బీమా ఉండాలన్నది 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం. కంపెనీ పాలసీలో అది ఉందో లేదో సరిచూడాలి. తెలుగులోనూ 24 గంటలూ ఉచితంగా పలికే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416ను జీతం స్లిప్పు అడుగున అచ్చువేయడానికి కొత్త బడ్జెట్టేమీ అక్కర్లేదు.