సెకండ్ హ్యాండ్ కారుకి ఎక్స్‌టెండెడ్ వారంటీ: ఫోన్ లాజిక్ ఇక్కడ పనిచేయదు

ఎవరు ఫోన్ కొన్నా "ప్రొటెక్షన్ ప్లాన్ తీసుకో" అని చెప్పే బ్యాచ్ నాది. అదే అలవాటులో, చిట్యాలలో ఉండే మా బావ ఎనిమిదేళ్ల పాత పెట్రోల్ మాన్యువల్ కారు హైదరాబాద్‌లో కొంటుంటే, ఏడాది వారంటీకి ఇంకో రూ. 14,000 కట్టించాను.

నాలుగు నెలలకు క్లచ్ పోయింది. అరిగిపోయే పార్టు కాబట్టి కవర్ కాదన్నారు. ఎండాకాలం ఏసీ ఆగింది. పంతంగి టోల్ దాటి హైదరాబాద్ దాకా ఎవరు పోతారని బావ హైవే పక్కన మెకానిక్‌తో విప్పించాడు. కంప్రెసర్ పోయింది. బయట విప్పారు కాబట్టి క్లెయిమ్ రిజెక్ట్! "ఏం బామ్మర్ది, వారంటీ ఉన్నదన్నవ్ గదా?" అంటే నా దగ్గర సమాధానం లేదు.

నేను చేసిన తప్పు సింపుల్. ఫోన్ డ్యామేజ్ ప్లాన్ అయితే కింద పడేసినా కవర్ అవుతుంది. కారు వారంటీ అలా కాదు. యాక్సిడెంట్ ఇన్సూరెన్స్ కిందికి వెళ్తుంది. బ్రేక్ ప్యాడ్లు, క్లచ్ ప్లేట్, టైర్లు సాధారణంగా లిస్టులోనే ఉండవు. పాత కారులో ముందు ఖర్చు పెట్టించేవి మాత్రం అవే.

వారంటీ ఎవరు ఇస్తున్నారన్నది ఇంకా ముఖ్యం. మారుతి సుజుకి 2024 జులైలో స్టాండర్డ్ వారంటీని 3 ఏళ్లు లేదా 1 లక్ష కి.మీ.కి పెంచింది. ఎక్స్‌టెండెడ్ తీసుకుంటే 6 ఏళ్లు లేదా 1.6 లక్షల కి.మీ. దాకా వెళ్లొచ్చు. ఇలా కంపెనీ వారంటీ ఇంకా మిగిలి ఉన్న బండి దొరికితే, అది మీ పేరు మీదకి మారుతుందో లేదో ముందే ఆథరైజ్డ్ సర్వీస్ సెంటర్లో అడగండి. అమ్మేవాళ్లు విడిగా అంటగట్టే ప్లాన్ కంటే నేను దాన్నే నమ్ముతాను.

కాబట్టి నా లెక్క ఇది. టర్బో, డీసీటీ, సీవీటీ లాంటి బండి అయితే కంపెనీ వారంటీ తీసుకోండి. గేర్‌బాక్స్ ఒక్కసారి పోయినా బిల్లు లక్ష దాటొచ్చు. మామూలు పెట్రోల్ మాన్యువల్ అయితే ఆ డబ్బు రిపేర్ల కోసం పక్కన పెట్టండి. కొనే ముందే నమ్మకమైన మెకానిక్‌కి చూపించి, ఓబీడీ స్కానర్ పెట్టి ఎర్రర్ కోడ్లు చదవండి. చెకింగ్‌కి ముందే కోడ్లు క్లియర్ చేసి ఉండొచ్చు, అందుకే టెస్ట్ డ్రైవ్ తర్వాత మళ్లీ స్కాన్ చేయండి.

అయినా వారంటీ కావాలా? అయితే మూడు ప్రశ్నలు అడగండి. ఏవి కవర్ కావు? ఒక క్లెయిమ్‌కి లిమిట్ ఎంత? మా ఊరికి దగ్గరలో వర్క్‌షాప్ ఎక్కడ? జవాబులు కాగితం మీద తీసుకోండి. అన్యాయంగా రిజెక్ట్ చేశారనిపిస్తే నేషనల్ కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి కాల్ చేయండి.

చిట్యాల లాంటి ఊళ్లో ఉండేవాళ్లకి ఆ మూడో ప్రశ్నే అన్నిటికన్నా ముఖ్యం. నేను దాన్ని అడగలేదు. క్లచ్, కంప్రెసర్ బిల్లులు మా బావ జేబులోంచే పోయాయి.