మా పండుగకు ప్రింటౌట్ లేదు

సెలవులకు ముందు రోజు మా ఆశ్రమ పాఠశాలల్లో ఒక తంతు జరుగుతుంది. టీచరు ఫోనులో వెతికి ఒక కాగితం ప్రింటు తీయించి, జిరాక్సులు చేయించి, పిల్లలకు తలా ఒకటి పంచుతారు. దాని పేరు సెలవుల ప్రాజెక్టు. మీ ఇంటి ముందు వేసిన ముగ్గు ఫోటో అతికించండి. మీ ఇంట్లో పేర్చిన బొమ్మల కొలువు గురించి రాయండి. సెలవుల్లో చూసిన ప్రదేశాన్ని పది వాక్యాల్లో వర్ణించండి. ఆ కాగితం ఎవరు తయారు చేశారో టీచరుకు తెలియదు. ఎవరి పిల్లల కోసం తయారు చేశారో మాకు తెలుసు.

మేమూ ఆ బడుల్లోనే చదివాం. మాలో కొందరం ఇప్పుడు అక్కడే పాఠాలు చెబుతున్నాం. ఆ కాగితాలు పంచిన చేతుల్లో మా చేతులూ ఉన్నాయి. అందుకే ఈ మాట అంటున్నాం.

ఒక బడిలో దసరా సెలవుల తర్వాత ఐదో తరగతి పాప 'చూసిన ప్రదేశం' అన్నచోట ఏమీ రాయకుండా కాగితం తిరిగిచ్చింది. ఎక్కడికీ పోలేదా అంటే తల అడ్డంగా ఊపింది. ఆ సెలవులన్నీ తల్లితో పత్తి చేలో ఉంది. రోజుకు ఎన్ని కిలోలు ఏరింది, కిలోకు ఎంత లెక్కన ఇచ్చారు, తూకంలో ఎంత పోయింది, అన్నీ ఆ పాపకు తెలుసు. అది లెక్కల పాఠం, సాంఘిక పాఠం కూడా. కాగితంలో ఆ ప్రశ్న లేదు కనుక పాపకు సున్నా వచ్చింది.

సెలవుల సంగతే చూడండి. ఆదిలాబాద్ గోండు గూడేల్లో దండారీ దీపావళి ముందు రోజుల్లో నడుస్తుంది. గుస్సాడీలు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోయి ఆడతారు, చుట్టరికాలు కలుపుకుంటారు. సరిగ్గా అప్పటికి దసరా సెలవులు అయిపోయి పిల్లలు హాస్టల్లో ఉంటారు. పాడేరు, అరకు వైపు ఇటుకల పండుగ చైత్రంలో వస్తుంది. మగవాళ్లు వేటకు పోతారు, ఆడవాళ్లు దారికి అడ్డం నిలిచి పాట పాడి డబ్బులు అడుగుతారు, విత్తనాలకు పూజ జరుగుతుంది. అప్పుడు బడిలో పరీక్షల కాలం. మా పండుగకు సెలవు లేదు, సెలవుల కాగితంలో మా పండుగ లేదు. పదేళ్లు హాస్టల్లో చదివిన పిల్లవాడికి తన ఊరి పండుగ ఎలా తెలియాలి?

కొందరంటారు: ఇప్పుడు ఆదివాసీ ప్రాజెక్టులు కూడా ఫోనులో దొరుకుతున్నాయి కదా అని. దొరుకుతున్నాయి, చూశాం. ఆగస్టు 9 రాగానే అట్టముక్కతో ఈకల కిరీటం, ముఖానికి రంగు గీతలు, చేతిలో బాణం. అది ఏ తెగ వేషమో గీసినవాడికే తెలియదు. గుస్సాడీ తలమీది నెమలి ఈకల టోపీ ఆటవస్తువు కాదు. దానికి పూజ ఉంది. అది పెట్టుకున్నవాడు ఆ రోజులన్నీ నియమంతో ఉంటాడు, స్నానం కూడా చేయడు. కనక రాజుగారికి 2021లో పద్మశ్రీ ఇచ్చింది ఆ ఆటకే. దాన్ని కత్తెర, జిగురుతో అరగంటలో చేయించి, ఫోటో తీసి, గ్రూపులో పెట్టి, పని అయిపోయిందనుకుంటే అది గౌరవమా, ఎగతాళా?

ఇంకొకటి. ఆగస్టు 29న ప్రతి బడిలో గిడుగు రామమూర్తి గారి బొమ్మ పెట్టి తెలుగు భాషా దినోత్సవం చేస్తాం. వ్యావహారిక భాష అంటూ పిల్లల చేత ఉపన్యాసాలు చెప్పిస్తాం. ఆయన సవర నేర్చుకుని, సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పాలని వాచకాలు రాసిన సంగతి ఆ ఉపన్యాసాల్లో ఎన్నిసార్లు విన్నాం? నూరేళ్ల కిందటే ఒక తెలుగు పంతులుకు తట్టిన మాట, చేతిలో ఇంటర్నెట్ ఉన్న మనకు తట్టడం లేదు.

టీచర్ల మీద కోపం కాదు మాది. రోజుకు ఎన్ని ఫోటోలు పంపాలో, ఎన్ని యాప్‌లు నింపాలో మాకు తెలుసు. సిద్ధంగా ఉన్న కాగితం దొరికితే ప్రాణం తేలికవుతుంది. కానీ ఆ తేలికకు పిల్లలు చెల్లిస్తున్న ధర చూడండి. తన ఇల్లు కాగితంలో లేదని తెలిసిన పిల్లవాడు మొదట అబద్ధం రాస్తాడు. లేని ముగ్గు వేస్తాడు, లేని కొలువు పేరుస్తాడు. తర్వాత తన ఇంటికే సిగ్గుపడతాడు.

మరి ఏం చేయాలి? పైసా ఖర్చు లేని పని ఉంది. సెలవులకు పోయే పిల్లలకు మూడు ప్రశ్నలు ఇవ్వండి. మీ ఊళ్లో ఏ కొత్త ఏ నెలలో చేస్తారు? ఆ కొత్త చేయకముందు ఆ పంట ఎందుకు తినకూడదు? దాన్ని మీ భాషలో ఏమంటారు? అంతే. మామిడి కొత్త దాకా కాయ ముట్టకూడదన్న కట్టుబాటు వెనుక టెంక ముదిరి విత్తనం నిలవాలన్న తెలివి ఉందని పిల్లలే తేలుస్తారు. ఏ వెబ్‌సైటూ ఇవ్వని సైన్సు ప్రాజెక్టు అది. ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది ఆదివాసీ భాషల్లో వాచకాలు వచ్చాయి. ఫోను తెరిచే ముందు మీ బడి బీరువా తెరిచి అవి ఉన్నాయేమో చూడండి.

ఒక షరతు మాత్రం ఉంది. పెద్దలు చెప్పవద్దన్నది రాయవద్దు, చూపవద్దన్నది ఫోటో తీయవద్దు. పేన్ ముందు తలవంచే చోటు ప్రదర్శనకు కాదు.

చదువుకున్న తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, ఫోను మనకు శత్రువు కాదు. మన అవ్వల పాటలు, మన విత్తనాల పేర్లు మన భాషలో మనమే రికార్డు చేద్దాం. ఊరివాళ్లు ఒప్పుకున్నంత వరకు మన టీచర్లకు పంపుదాం. వచ్చే సెలవులకు ఆ పాప చేతికి వెళ్లే కాగితం మనం రాసినదై ఉండాలి. అందులో మొదటి ప్రశ్న పత్తి చేను గురించి ఉండాలి.